విశాఖలో పొద్దెక్కాక బేకరీ

విశాఖలో గది తీసుకునేటప్పుడు ఉచిత టిఫిన్ ఉందా లేదా అని చూడకండి. ఈసారి అమ్మా నేనూ దిగిన హోటల్‌లో గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లకు లోటు లేదు. టిఫిన్ మాత్రం తొమ్మిది దాటితే చల్లారిన ఇడ్లీ, పలచటి సాంబారు. నా మటుకు నాకు గది సిరిపురం, వాల్తేర్ అప్‌ల్యాండ్స్ చుట్టుపక్కల ఉంటే చాలు. బీచ్ రోడ్డు హోటళ్లలో కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది కానీ అద్దె బాగా ఎక్కువ. ద్వారకానగర్‌లో బస్సులకు దగ్గర, చవక కూడా, కానీ హారన్ల మోత. సిరిపురం నుంచైతే నాకిష్టమైన బేకరీకి నడిచి వెళ్లొచ్చు.

ఈ ఊళ్లో పొద్దుటి పూట తీరే వేరు. తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు కాబట్టి పిల్లలూ పెద్దలూ రోడ్డు మధ్యలోనే నడుస్తుంటారు. ఎనిమిది దాటిందంటే ఎండ, ఉక్కపోత. ఆ వేళప్పుడు కైలాసగిరి ఎక్కితే ఒళ్లంతా చెమటే. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం మామూలు రోజుల్లో మధ్యాహ్నం గానీ తెరవరు, సోమవారం సెలవు. ఇక పొద్దెక్కాక ఆ రెండు మూడు గంటలూ బేకరీకే ఇచ్చేయొచ్చు.

పదిన్నర ప్రాంతంలో వెళ్లడం మంచిది. అప్పుడు రెండో విడత ట్రేలు బయటికొస్తాయి. సముద్రపు గాలిలో తేమకి పఫ్ పొరలు తొందరగా మెత్తబడిపోతాయి, అందుకే పొద్దున్న చేసినవాటికీ అప్పుడే తీసినవాటికీ అంత తేడా. అమ్మ ఎగ్ పఫ్ కోసం చెయ్యి చాచబోతే కౌంటర్ దగ్గరి పెద్దాయన ఆపారు. "ఉండండమ్మా, ఇప్పుడే తీసేం, చెయ్యి కాలుద్ది" అని రెండు ప్లేట్లలో పెట్టి, కాసేపాగి తనే తెచ్చిచ్చారు. పై పొరలు ముట్టుకుంటే పొడి అయిపోయాయి. లోపల ఉల్లిపాయ కూర బాగా వేగి తియ్యగా, చివర్లో మిరియం ఘాటుతో ఉంది. తర్వాత వెన్న రాసి కాల్చిన బన్ను, ఒక దిల్‌పసంద్ ముక్క. దిల్‌పసంద్‌లో కొబ్బరి కాస్త ఎక్కువ తీపి అనిపించింది, అమ్మకి మాత్రం అదే నచ్చింది.

కాఫీ అరకుది. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఏజెన్సీ గిరిజన రైతులు నీడ చెట్ల కింద పండించే ఈ గింజల్ని గిరిజన సహకార సంస్థ కూడా కొంటుంది, దాని ప్రధాన కార్యాలయం ఉన్నది విశాఖలోనే. పాలు లేకుండా తాగితే చేదు తక్కువగా, కొంచెం పుల్లగా ఉంటుంది. నేను రెండు కప్పులు తాగాను. ఇద్దరికీ కలిపి బిల్లు నాలుగు వందలు దాటలేదు. ఎంతసేపు కూర్చున్నా లేవమని ఎవరూ అనలేదు, అమ్మ పేపర్ మొత్తం చదివేసింది. ఉన్న బల్లలు తక్కువ. ఆదివారం చర్చి నుంచి వచ్చే కుటుంబాలతో నిండిపోతుంది, నిదానంగా కూర్చోవాలంటే మామూలు రోజుల్లో వెళ్లండి.

అక్కడి నుంచి ఆటోలో కురుసురకి వెళ్లాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న నౌక అది. నౌకాదళంలో పనిచేసి వచ్చిన గైడ్లు ఓపిగ్గా వివరిస్తారు. లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి దాటాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. అమ్మ రోడ్డుకి ఆ పక్కన మ్యూజియంగా పెట్టిన నౌకాదళపు పాత విమానం టీయూ-142 చూసి వచ్చింది, ఆవిడకి అదే నచ్చింది.

తిరుగు రైలుకి పఫ్‌లు పార్శిల్ కట్టించుకోకండి. అదే బేకరీలో ప్లమ్ కేక్ తీసుకోండి, రెండు మూడు రోజులు చెడదు.