కింద మంటకు ఆన్‌లైన్‌లో ‘కిట్’ కొంటున్నారా? ఆగండి

యోని బయటి భాగంలో నెలల తరబడి మంట, సూదులు గుచ్చినట్టు నొప్పి ఉన్న ఆడవాళ్లకు ‘మూలకారణం నుంచే తగ్గిస్తాం’ అంటూ ఒక కిట్ అంటగడుతున్నారు. ఒక వాష్, ఒక ట్యూబు, క్యాప్సూల్స్. ఫోన్‌లో ఒక్కసారి వెతికితే చాలు, ప్రకటనలు వెంటపడతాయి.

నాకు వాట్సాప్‌లో నాలుగు ప్రశ్నలు పంపి, ‘డాక్టర్ మేడమ్’ ఫోన్లోనే ఫంగస్ అని తేల్చేసింది. పరీక్ష లేదు, పాడు లేదు. వాష్ వాడుతున్నకొద్దీ మంట ఎక్కువైందంటే ‘లోపలి చెడు బయటికొస్తోంది, ఆపకండి’ అన్నారు. సీసా ముందు ‘సహజం’ అని పెద్దగా, వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఫ్రాగ్రెన్స్, అంటే సెంటు. ట్యూబు మీదేమో క్లోబెటాసాల్, మైకోనజోల్, నియోమైసిన్. ఆ మొదటిది గట్టి స్టిరాయిడ్, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. డబ్బులు వెనక్కివ్వమంటే ‘సీల్ తీశారుగా’ అని ఫోన్ పెట్టేశారు.

క్లోబెటాసాల్ చెడ్డ మందేం కాదు. చర్మం తెల్లబడి పల్చబడే లైకెన్ స్క్లెరోసస్‌కి డాక్టర్లు రాసేది అదే. కానీ జబ్బేదో చూడకుండా పూస్తే ఉన్న జబ్బు కప్పబడిపోతుంది, చర్మం పల్చబడుతుంది.

చివరికి గైనకాలజిస్ట్ దగ్గర గంటలో తెలిసినంత కూడా ఆ కిట్‌వాళ్లతో తెలియలేదు. ఆవిడ లైటు వేసి చర్మం చూసింది, ఫంగస్ ఉందో లేదో స్వాబ్ తీసింది. తర్వాత తడి దూదిపుల్లతో యోని ద్వారం చుట్టూ గడియారం అంకెల వరసలో మెల్లగా తాకుతూ ‘ఇక్కడా? ఇక్కడా?’ అని అడిగింది. 5, 7 దగ్గర ఉలిక్కిపడ్డాను. ఇన్ఫెక్షన్, చర్మ జబ్బు, సర్పి వచ్చి తగ్గాక మిగిలే నరాల నొప్పి, నెలసరి ఆగాకో పాలిచ్చేటప్పుడో హార్మోన్ తగ్గడం, ఇలా ఒక్కోటీ కొట్టేసుకుంటూ రావాలట. ఏదీ దొరక్కుండా 3 నెలలు దాటితే దాన్ని వల్వోడైనియా అంటారట. నాకు కటి కండరాలు బిగుసుకుపోయి ఉన్నాయి, దానిమీద వాష్‌లోని సెంటు పడలేదు. ఇప్పుడు ఉత్త నీళ్లు, మొద్దుబార్చే లిడోకైన్ జెల్, ఫిజియోథెరపీ. పూర్తిగా పోలేదు గానీ కూర్చోగలుగుతున్నా.

ఇప్పటికే కొన్నవాళ్లు ట్యూబు పారేయకండి, డాక్టర్‌కి చూపించాలి. బిల్లు, చాట్ స్క్రీన్‌షాట్లు దాచి 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు చేయండి. చీటీ లేకుండా స్టిరాయిడ్ అమ్మిన సంగతి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి విడిగా రాయండి.