మెడనొప్పికని వెళ్లిన ఫిజియో సెంటర్ గురించి (బరంపురం, కోర్ట్‌పేట వైపు)

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను, 19 ఏళ్ల నుంచి. పెళ్లిళ్ల రోజుల్లో రాత్రి 12 దాకా తల వంచుకుని బ్లౌజులే బ్లౌజులు. కిందటి దసరా అయ్యాక మెడ కుడివైపు పట్టేసి భుజం దాకా లాగేసేది, బస్సు వస్తోందో లేదో చూడాలన్నా ఒళ్లంతా తిప్పాల్సొచ్చేది. ముందు ఇంకో చోట 20 రోజులు ట్రాక్షన్ (మెడని మెల్లగా లాగిపట్టడం), కాపడం పెట్టించుకున్నాను, మెడకి బెల్టు కూడా ఇచ్చారు, అక్కడున్నంతసేపు హాయి, ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చుంటే మళ్లీ మామూలే.

ఇక్కడి మేడమ్ ఒడియా ఆవిడే గానీ మనతో తెలుగే మాట్లాడతారు. మొదటి రోజు కరెంటు మిషన్ ఏదీ ముట్టుకోలేదు. నా కుట్టుబల్ల ఎత్తెంత, కుర్చీ ఎలాంటిది, ఎంతసేపటికోసారి లేస్తాను అని అడిగి, చేతులు పైకెత్తించి బలం చూసి, వెల్లకిలా పడుకోబెట్టి తల లేపకుండా గడ్డం మాత్రం కొంచెం కిందికి, "ఊఁ" అన్నట్టు వంచి 10 సెకన్లు ఉంచమన్నారు. ఇంతేనా అనుకున్నాను, నాలుగోసారికే మెడ ముందువైపు వణికింది. లోపలి కండరాలు పనిమానేసి బరువంతా పైవాటి మీద పడుతోందట. తర్వాత రబ్బరు బ్యాండుతో భుజాలకి. ఫిన్లండ్‌లో 180 మంది ఆఫీసు ఆడవాళ్ల మీద ఏడాదిపాటు పరిశోధన చేసి 2003లో అచ్చేశారట, మెడకి బలం పెంచే వ్యాయామం చేసినవాళ్లకి ఉత్తి సాగదీసే వ్యాయామం చేసినవాళ్ల కన్నా నొప్పి బాగా తగ్గిందని. అందుకే సిట్టింగులు పెంచను, ఇంట్లో మీరే చెయ్యాలి అన్నారు. సిట్టింగుకి 350, నాకు మొత్తం 9 అయ్యాయి అంతే. నాలుగు నెలలకి ఇప్పుడు మెడ అటూ ఇటూ తిప్పగలుగుతున్నాను, పెళ్లి ఆర్డర్లు పడ్డప్పుడు మాత్రం ఇంకా లాగుతుంది.

కానీ నేను ఇది రాస్తున్నది మా చెల్లి కొడుకు కోసం.

మా చెల్లిది ఇచ్ఛాపురం. గుంటడికి 8 ఏళ్లు, డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, అంటే కండరాలు రానురానూ బలహీనపడిపోయే పుట్టుకతో వచ్చే జబ్బు. 4 ఏళ్లప్పుడే తరచూ పడిపోయేవాడు, నేల మీంచి లేవాలంటే చేతులు మోకాళ్ల మీద, తొడల మీద వేసుకుంటూ పాక్కుంటున్నట్టు లేచేవాడు. పిక్కలు లావుగా ఉండేవి, చూసినవాళ్లంతా గట్టి పిల్లాడు అనేవాళ్లు. రక్తపరీక్షలో లివర్ కోసం చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువొచ్చాయని కామెర్లనుకుని పసరు కూడా తాగించాం, ఆ రెండూ కండరం దెబ్బతిన్నా పెరుగుతాయని మాకేం తెలుసు. సీకే అని, కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేదాని కోసం ఇంకో పరీక్ష చేసేసరికి 14,000 పైన ఉంది, వందల్లో ఉండాల్సింది. ఆ తర్వాతే జీన్ టెస్టు.

వాణ్ణి అంతకుముందు చూపించిన చోట కాళ్లకి బలం రావాలని గుంజీలు తీయించారు, మెట్లెక్కించి దించారు. రెండు రోజులు లేవలేకపోయాడు. ఈ మేడమ్ ఆ మాట విని చాలా బాధపడ్డారు. నాకు అర్థమయ్యేలా నా పనిలోంచే చెప్పారు, డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ కండరం పోగుకి ఓవర్‌లాక్ కుట్టు లాంటిది, అది లేకపోతే లాగినప్పుడల్లా అంచు పీచులు పీచులుగా ఊడొస్తుంది, మీ మెడకి పని పెంచాలి, వీడి కాళ్లకి అలసట రానివ్వకూడదు అని. వాడికి మడమ వెనక పట్టీలాంటి తంతు (టెండన్) సాగదీయడం, రాత్రిపూట కాళ్లకి స్ప్లింటు (పాదం వంగకుండా పట్టి ఉంచేది), వీలుంటే నీళ్లలో ఆటలు, అంతే. స్టెరాయిడ్ మాత్రలు న్యూరాలజిస్టు చెప్పినట్టే, మేమంతట మేము ఆపకూడదు అని గట్టిగా చెప్పారు. నయం చేస్తానని ఒక్కసారి కూడా అనలేదు, అది నాకు చాలా నచ్చింది.

ఇంకోటి. చెల్లిది మేనరికం, అత్తారింట్లో అంతా దానివల్లే వచ్చిందనీ, తనవల్లే అనీ ఎన్ని మాటలన్నారో. మేడమ్ మా బావని కూడా పిలిపించి కూర్చోబెట్టి చెప్పారు, ఈ జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మేనరికం చేసుకోకపోయినా వస్తుంది, సుమారు మూడింట ఒక వంతు పిల్లల్లో తల్లికి ఏమీ లేకుండా కొత్తగా పుడుతుంది, తల్లి దగ్గర్నించి వచ్చినా అది ఆవిడ చేసిన తప్పు కాదు అని. మేనరికం వల్ల ఎక్కువయ్యే కండరాల జబ్బులు వేరే ఉన్నాయట, ఇది అది కాదు. బావ ఏం మాట్లాడలేదు, బయటికొచ్చాక పిల్లాణ్ణి తనే ఎత్తుకున్నాడు, ఆ రోజు దాకా చెల్లే మోసేది.

నాకూ లోపల భయం ఉండేది, నా మెడనొప్పి కూడా అదేనేమో అని. అడగడానికి మూడు సిట్టింగులు పట్టింది. భుజాల్లో బలం బాగుంది, ఇది కుట్టుపని నొప్పే అన్నారు, కానీ సీకే మామూలుగా ఉన్నంత మాత్రాన ఆ జీన్ లోపం నాలో లేనట్టు కాదు, నాకు ఆడపిల్ల ఉంది కాబట్టి పరీక్ష చేయించుకోమన్నారు, పిల్లాడి రిపోర్టులో ఆ జీన్‌లోని 79 ఎక్సాన్లలో (జీన్ ముక్కల్లో) 45 నుంచి 50 దాకా లేవని ఉంది గనక నాకు వెతకాల్సింది అదొక్కటేనట.

ఇబ్బందులూ చెప్పాలి. సెంటర్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు, నడవలేని పిల్లల్ని తెచ్చేవాళ్లకి 22 మెట్లు నరకం. చెప్పాను, కింద గది చూస్తున్నాం అన్నారు. ఫోన్ ఎత్తరు, సాయంత్రం 5 దాటాక వెళ్తే గంట కూర్చోవాలి, పొద్దున 9కే వెళ్లండి. యూపీఐ తీసుకుంటారు.

వచ్చే శనివారం మళ్లీ వెళ్తున్నాం, గుంటడి స్ప్లింటు బిగుతైంది, నా రిపోర్టు కూడా ఆ రోజే చూపించాలి.