స్పితి ట్రిప్: కాజా హోటల్ ఒక ఎత్తు, లాంగ్జా హోమ్‌స్టే ఒక ఎత్తు

ముందు మా తప్పు చెప్తా. హిమాచల్‌లో మంచుకొండల మధ్య ఉన్న స్పితి లోయకి మనాలి నుంచి డైరెక్ట్‌గా వెళ్లాం. 2020లో అటల్ టన్నెల్ వచ్చాక రోహ్‌తంగ్ కనుమ ఎక్కే పని తప్పింది గానీ, అవతల గ్రాంఫూ నుంచి కుంజుమ్ కనుమ దాకా అది రోడ్డేంటి బాబూ, రాళ్లూ వాగులూ. మనాలి 2000 మీటర్లు, కుంజుమ్ 4500 పైన, ఒక్క రోజులో ఎక్కి దిగితే ఒళ్లు ఊరుకుంటుందా? సిమ్లా, కిన్నౌర్ మీదుగా రండి, రోజులెక్కువైనా.

కాజా అంటే స్పితిలో పెద్ద ఊరు, అక్కడి హోటల్ పేరు చెప్పను. రూమ్‌లో గీజర్ ఉంది, కరెంట్ లేదు. వేడినీళ్లు అడిగితే బకెట్‌కి ఎక్స్‌ట్రా అన్నారు, అదీ గోరువెచ్చగా వచ్చింది. అయినా ఏటీఎం, పెట్రోల్ బంకు, ఆస్పత్రి అన్నీ కాజాలోనే, కాబట్టి పైకెళ్లే ముందు ఎత్తుకి ఒళ్లు అలవాటు పడేలా అక్కడ రెండు రాత్రులు పడుకోవాల్సిందే. మేం ఒక్క రాత్రికే తెలివిగా పైనున్న లాంగ్జా పల్లెకి ఎక్కేశాం.

లాంగ్జా 4400 మీటర్లు. పెద్ద బుద్ధుడి విగ్రహం, వెనక మంచుకొండ, కింద మట్టి ఇళ్లు, మిద్దెల మీద చలికాలానికి దాచిన గడ్డీ, పిడకలూ. హోమ్‌స్టేలో భోజనంతో కలిపి మనిషికి 1200 తీసుకున్నారు. నేల మీద పరుపులు, శుభ్రంగా ఉన్నాయి. టాయిలెట్ మాత్రం డ్రై టైపు, నేలలో ఒక కంత, పక్కన మట్టిగుట్ట, పార. పనయ్యాక రెండు పారల మట్టి పోసి రావాలి. కంపు లేదు, ఒట్టు. నీళ్లు గడ్డకట్టే చోట ఇంకేం కట్టుకుంటారు, పైగా అదే పొలానికి ఎరువు.

రాత్రి రెండింటికి తల పగిలిపోతోంది, వాంతులు. చప్పుడికి ఇంటి ఆంటీ లేచొచ్చింది. వంటింట్లో బుఖారీ, అంటే గది వెచ్చబెట్టే ఇనప పొయ్యి, వెలిగించి నన్ను దాని పక్కన కూర్చోబెట్టి, రెండు రజాయిలు కప్పి, వెల్లుల్లి చితక్కొట్టి మరిగించిన నీళ్లు చెంచాతో తాగించింది. తెల్లారేదాకా ఆవిడ పడుకోలేదు, పొయ్యిలో పిడక వెయ్యడం, నా మొహం వంక చూడడం, ఇదే పని.

వెలుగు రాగానే వాళ్లబ్బాయి పికప్‌లో కాజా ఆస్పత్రికి దించాడు. మాత్రలిచ్చారు, 700 మీటర్లు దిగేసరికే సగం తగ్గింది అనుకోండి. అయితే అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది, అది ఆగస్టు చివరి వారం, బఠాణీ కోతలు. అంత ఎత్తులో ఏడాదికి ఒక్కటే పంట, కాయ ముదిరేలోపు కోసి లారీకెక్కించాలి. అలాంటి టైంలో ఆ అబ్బాయి మధ్యాహ్నం దాకా ఆస్పత్రి బయట నాకోసం కూర్చున్నాడు. డీజిల్ డబ్బులు సీటు మీద పెడితే కిందకి దిగొచ్చి మరీ నా జేబులో కుక్కాడు.

రెండ్రోజులాగి మళ్లీ పైకెళ్లా, ఈసారి కోతకి. నేను ఒక బకెట్ నింపేలోపు ఆంటీ మూడు నింపింది, పక్క చేలో వాళ్లు కూడా నన్ను చూసి నవ్వడమే. బిల్లు దగ్గర పెద్ద గొడవ, ఆ మొదటి రాత్రి లెక్క తీసేస్తానంటుంది, "తిన్నదంతా కక్కేశావు కదా, దేనికి డబ్బులు?" అని. బతిమాలి మొత్తం ఇచ్చా. క్యాష్ తీసుకెళ్లండి, అక్కడ ఫోన్‌ని నమ్ముకోవద్దు.

వచ్చేటప్పుడు దగ్గర్లోని హిక్కిమ్ ఊరి పోస్టాఫీసు నుంచి అమ్మకి కార్డు వేశా, 1983 నుంచి నడుస్తోంది ఆ చిన్న ఆఫీసు. ఆంటీ నన్ను అడిగింది ఒక్కటే, బఠాణీ చేలో తీసిన ఫోటో ప్రింట్ పంపమని. ప్రింట్ తీయించా. కవరు మీద అడ్రస్ కూడా రాశా. పదిహేను రోజులైంది, ఇంకా టీవీ పక్కనే ఉంది, రేపు పొద్దున్నే వేసేస్తా.