50 హెర్ట్జ్ కాంట్రా: పాత క్యాసెట్ టీవీ గేమ్, ఏళ్ల తరబడి వాడాక

సూపర్ మారియో మొదటి లెవెల్లో టైమ్ 400 దగ్గర మొదలై, ప్రతి 24 ఫ్రేములకు (తెర మీద మారే ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము) ఒకటి చొప్పున తగ్గుతుంది. జపాన్, అమెరికా మెషీన్లు సెకనుకు 60 ఫ్రేములు (60 హెర్ట్జ్) వేస్తాయి కాబట్టి వాటి మీద 400 నుంచి 300కి రావడానికి 40 సెకన్లు చాలు. 1990ల చివర, 2000ల మొదట్లో మన ఊళ్లలో అమ్మిన క్యాసెట్ టీవీ గేమ్ మీద అదే వంద తగ్గడానికి 48 సెకన్లు పడుతుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఎవరైనా చూసుకోవచ్చు. మారియో నడక, గెంతు, పుట్టగొడుగు జారే తీరు, కాంట్రాలో బుల్లెట్, అన్నీ అదే లెక్క. మనలో చాలామంది చేతులకు అలవాటైన కాంట్రా అసలు కాంట్రా కంటే ఆరో వంతు నిదానం. ఈ డబ్బాను నేను ఇప్పటికీ వాడుతున్నది ఆ నిదానం కోసమే.

డబ్బా మీద ఏ పేరున్నా లోపలిది నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్‌కు నకలు. మన పాత టీవీలు పాల్ అనే ప్రసార పద్ధతివి, సెకనుకు 50 బొమ్మలే తీసుకుంటాయి. యూరప్‌కు పాల్ మెషీన్ చేసినప్పుడు నింటెండో ప్రాసెసర్ వేగాన్ని కూడా 1.79 నుంచి 1.66 మెగాహెర్ట్జ్‌కు దించింది. అమెరికా కోసం రాసిన ఆటను దాని మీద ఆడితే పాట నిదానించడమే కాదు, శ్రుతి కూడా ఒక స్వరస్థానానికి పైగా కిందికి దిగుతుంది. తైవాన్ యూఎంసీ చిప్పులు, అంటే యూఏ6527పీ ప్రాసెసర్, యూఏ6538 బొమ్మల చిప్ ఉన్న నకళ్లు ఈ పని వేరే దారిలో చేశాయి. ప్రాసెసర్ 1.77 మెగాహెర్ట్జ్ దగ్గరే నడుస్తుంది, అసలు మెషీన్‌తో తేడా నూటికి ఒకటి కూడా లేదు. తెర మీద బొమ్మను గీసే అడ్డగీతలు ఫ్రేముకు 262 బదులు 312 వస్తాయి. ఆ అదనపు 50 గీతల సేపు బొమ్మల చిప్ ఏమీ చేయకుండా గడిపి, ఆ తర్వాతే ఫ్రేము అయిందని ప్రాసెసర్‌కు చెబుతుంది. ఫలితంగా శ్రుతి చెదరదు, లయ ఒక్కటే విలంబిస్తుంది. రష్యాలో 1992 చివర డెండీ పేరుతో అమ్మినదీ ఇదే పద్ధతి. ఎమ్యులేటర్లలో, అంటే పాత గేమ్ మెషీన్లను అనుకరించే సాఫ్ట్‌వేర్లలో, రీజియన్ దగ్గర ఎన్‌టీఎస్‌సీ (జపాన్, అమెరికా టీవీ పద్ధతి), పాల్ పక్కన డెండీ అని మూడోది కనిపించేది అందుకే.

ఆట మీద దీని ప్రభావం కాంట్రాలో బాగా తెలుస్తుంది. ఆరో లెవెల్లో నిప్పు గొట్టాలు ఆగి, మళ్లీ వెలిగే మధ్య దొరికే సందు ఫ్రేముల్లో రాసి ఉంది. ఫ్రేములు అవే అయినా చేతికి దొరికే కాలం పెరుగుతుంది. 30 ఫ్రేముల సందు 60 హెర్ట్జ్ మీద అర సెకను, ఇక్కడ 0.6 సెకను. మూడో లెవెల్ జలపాతం ఎక్కేటప్పుడు ఇద్దరు ఆడుతుంటే పైవాడు తొందరపడితే కిందివాడు తెర అంచు కింద పడి చస్తాడు. ఆ గొడవ ఇక్కడ కొంచెం తక్కువ, ఎందుకంటే కిందివాడికి అందుకునే వ్యవధి ఉంటుంది. ఇద్దరు కలిసి ఆడే ఆటగా కాంట్రా మన దగ్గర అంత నిలబడటంలో ఈ నిదానం పాత్ర కూడా ఉందని నా గట్టి నమ్మకం. అలవాటైన వేళ్లతో 60 హెర్ట్జ్ మెషీన్ ముందు కూర్చుంటే మొదటి లెవెల్లో పేలే వంతెన దగ్గరే గెంతు ఆలస్యమవుతుంది. ఆ తప్పు వేళ్లది కాదు, ఫ్రేములది.

అన్ని ఆటలకూ ఇది మేలు చేయదు. రోడ్ ఫైటర్, ఎక్సైట్‌బైక్ బతికేదే వేగం మీద. వాటిని 60 హెర్ట్జ్ మీద ఒకసారి చూశాక ఇక్కడ ఆడాలనిపించదు. బ్యాటిల్ సిటీలో నక్షత్రం దొరకని ట్యాంకు బుల్లెట్‌ది అసలే నత్తనడక, ఇక్కడ మరీ విసుగు. సర్కస్ చార్లీలో మంటల వలయాల గెంతుకు మాత్రం ఈ నిదానం హాయిగా ఉంటుంది.

శ్రుతి చెదరదన్నాను గానీ, ధ్వని అచ్చంగా అదే అనుకోవద్దు. చాలా నకలు చిప్పుల్లో స్క్వేర్ వేవ్ ఛానెళ్ల 25 శాతం, 50 శాతం డ్యూటీ (ఒక్కో అలలో సిగ్నల్ ఎత్తులో ఉండే వంతు) తారుమారై ఉంటాయి. స్వరం అదే, నాదం వేరు. పల్చగా ముక్కుతో పాడినట్టు రావాల్సిన చోట గుండ్రంగా, గుండ్రంగా రావాల్సిన చోట పల్చగా వస్తుంది. చిన్నప్పటి నుంచి విన్నవాళ్లకు ఇదే అసలు పాట. అసలు ఫ్యామికామ్ విన్నవాళ్లకు మొదటి రెండు క్షణాల్లోనే తేడా పట్టుబడుతుంది. బొమ్మ కూడా అంతే. పాల్ తెరకు 288 గీతలు ఉంటే ఆట 240 మాత్రమే వాడుతుంది, కాబట్టి పైనా కిందా నల్ల పట్టీలు మిగిలి, మారియో కాస్త పొట్టిగా అవుతాడు.

ఇక ఈ డబ్బాతో నా పేచీ అంతా కరెంటు దగ్గర. నా దగ్గరున్న బోర్డు చల్లగా ఉన్నప్పుడు బాగా ఆడేది. ఇరవై నిమిషాలు దాటాక బొమ్మ మాయమై, కాసేపటికి తనంతట తానే మెనూ దగ్గర మళ్లీ మొదలయ్యేది. ఇలాంటప్పుడు అందరూ ముందు క్యాసెట్‌ను అనుమానిస్తారు. క్యాసెట్ తప్పయితే చల్లగా ఉన్నప్పుడు కూడా రావాలి, క్యాసెట్ కదిపితే మారాలి. కదిపినా మారకుండా, వేడెక్కాకే వస్తే రెగ్యులేటర్‌ను చూడాలి.

లోపల 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ చిప్ ఉంటుంది. బయటి నుంచి వచ్చే వోల్టేజీని 5కు దించి, మిగిలినదంతా వేడిగా వదిలేయడం దాని పని. బోర్డు సుమారు 0.3 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. అడాప్టర్ నిజంగా 9 వోల్టులిస్తే 4 వోల్టులు వృథా, అంటే 1.2 వాట్ల వేడి. కానీ ఈ డబ్బాలతో వచ్చే ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్లు స్థిరమైనవి కావు. మీద 9 అని రాసి ఉన్నా లోడు తక్కువైతే 12, 13 దాకా ఇస్తాయి. 12.5 వోల్టుల దగ్గర లెక్క వేస్తే 2.25 వాట్లు. హీట్ సింక్ లేని 7805 ఒక్కో వాటుకు దాదాపు 65 డిగ్రీలు వేడెక్కుతుంది. ఎండాకాలం గది 38 డిగ్రీలుంటే, మొదటి లెక్కన 116 డిగ్రీలు, రెండో లెక్కన 184. సుమారు 150 డిగ్రీలు దాటితే ఆ చిప్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది, చల్లబడ్డాక మళ్లీ వెలుగుతుంది. ఆట మధ్యలో మాయమై మెనూలో తేలడానికి కారణం ఇదే. తయారీలో మిగుల్చుకున్నది అరచేతిలో సగం కూడా లేని అల్యూమినియం రేకు ఖర్చు. నాకు కోపం వచ్చేది అక్కడే.

బాగు చేయడం కష్టం కాదు. ముందు అడాప్టర్ పిన్నును మల్టీమీటర్‌తో చూడండి. ఫ్యామికామ్ కుటుంబంలో మధ్య పిన్ను మైనస్, బయటి గొట్టం ప్లస్. మన షాపుల్లో దొరికే మామూలు అడాప్టర్లలో చాలావాటికి మధ్యది ప్లస్. తిరగేసి ఇస్తే అడ్డుకునే డయోడ్ చాలా బోర్డుల్లో ఉండదు. ఫ్యామికామ్ అమెరికా రూపమైన ఎన్‌ఈఎస్‌తో వచ్చే అడాప్టర్ అసలు ఏసీయే ఇస్తుంది, దాన్ని వీటికి ఎప్పుడూ తగిలించకూడదు. 9 వోల్టులు, 1 ఆంపియర్ స్థిరమైన స్విచింగ్ అడాప్టర్ కొని, అవసరమైతే పిన్ను వైర్లు మార్చుకోండి. జాక్ నుంచి వచ్చే ప్లస్ వైరు మధ్యలో ఒక 1ఎన్4007 డయోడ్ పెడితే ముందుముందు తిరగేసినా ప్రమాదం లేదు. అది 0.7 వోల్టు తింటుంది, దానివల్ల నష్టం లేదు. 7805కు కనీసం 7 వోల్టులు అందాలి, అందుతాయి. 7805 వెనక రేకుకు హీట్ సింక్ బిగించి మధ్యలో థర్మల్ పేస్ట్ రాయండి. ఆ రేకు గ్రౌండే కాబట్టి మైకా ముక్క అవసరం లేదు.

తెర మీద రెండు అడ్డ పట్టీలు మెల్లగా పైకో కిందికో పాకుతుంటే అది వేరే జబ్బు. పాత అడాప్టర్ లోపలి కెపాసిటర్ గానీ, బోర్డు మీద 7805కు ముందున్న పెద్ద కెపాసిటర్ గానీ ఎండిపోయింది. కరెంటు 50 హెర్ట్జ్, ఏసీని డీసీ చేసే డయోడ్ బ్రిడ్జి దాటాక 100, తెర 50, అందుకే పట్టీలు రెండు. 1000 మైక్రోఫారడ్, 25 వోల్టులది వేస్తే పోతుంది. 16 వోల్టులది వేయొద్దు, పాత అడాప్టర్ ఖాళీగా ఉన్నప్పుడు అక్కడిదాకా ఎగబాకగలదు. కొందరు 7805 తీసేసి అదే చోట స్విచింగ్ మాడ్యూల్ పెడతారు. వేడి సమస్య ఉండదు గానీ కొన్నిటితో బొమ్మలో సన్నని వాలు గీతలు కదులుతాయి. ఫోన్ ఛార్జర్ నుంచి నేరుగా 5 వోల్టులు ఇవ్వాలంటే 7805ను పూర్తిగా తీసి, దాని అవుట్‌పుట్ రంధ్రానికి ఇవ్వాలి. దాన్ని అక్కడే ఉంచి జాక్‌కు 5 ఇస్తే అవతల బోర్డుకు అందేది మూడున్నర వోల్టులే.

క్యాసెట్ స్లాటు గురించి ఒక మాట. 60 పిన్నులు, ఒక్కో వైపు 30, మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు. నోటితో ఊదొద్దు. ఊదినప్పుడు పనిచేసేది మళ్లీ పెట్టడం వల్ల, తడి మాత్రం రాగి మీద మిగిలి నల్లబరుస్తుంది. 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి. మరీ నల్లబడితే తెల్ల రబ్బరుతో ఒకసారి రుద్దొచ్చు. ఎమరీ పేపర్ వాడితే పూత పోతుంది. బొమ్మ బాగా వచ్చి సౌండ్ మాత్రం రాకపోతే 45, 46 పిన్నులు చూడండి. ఫ్యామికామ్‌లో సౌండ్ 45 మీదుగా క్యాసెట్‌లోకి వెళ్లి 46 మీదుగా తిరిగి వస్తుంది, మామూలు క్యాసెట్లో ఆ రెంటినీ కలిపే గీత ఒకటి ఉంటుంది. నకళ్లలో కూడా చాలావాటికి ఇదే దారి.

జాయ్‌స్టిక్‌కు ఐదు వైర్లు: 5 వోల్టులు, గ్రౌండ్, లాచ్, క్లాక్, డేటా. ఒక్క బటన్ పనిచేయకపోతే కార్బన్ ముక్క అరిగింది. అన్నీ ఒకేసారి పోతే వైరు తెగింది, అదీ ఎక్కువగా ప్యాడ్ నుంచి బయటికొచ్చే మొదటి రెండు మూడు అంగుళాల్లో. అక్కడ కత్తిరించి మళ్లీ సోల్డర్ చేస్తే చాలు.

లక్షల ఆటలని రాసిన క్యాసెట్లలో ఉండేవి పదుల్లోనే. మిగతావన్నీ అవే ఆటలు, మొదలయ్యే లెవెలో తుపాకీయో మార్చినవి. లోపల నల్ల బొట్టు కింద చిప్ ఉన్న క్యాసెట్ పోతే బాగు చేసే దారి లేదు. విడి చిప్పులున్నవి దొరికితే కాస్త ఎక్కువైనా పెట్టండి. డబ్బా విషయంలోనూ అంతే. 40 కాళ్ల చిప్పులు రెండు కనిపించే పాత బోర్డును బాగు చేయొచ్చు, మొత్తం ఒకే నల్ల బొట్టయితే కరెంటు వైపు తప్ప ఇంకేమీ చేయలేం.

కొనాలా వద్దా అంటే, అది మీ టీవీ మీద ఆధారపడి ఉంటుంది. నా దగ్గర పిక్చర్ ట్యూబ్ టీవీ ఉంది, సోల్డరింగ్ ఐరన్ ఉంది, వేళ్లకు 50 హెర్ట్జ్ అలవాటుంది. ఈ మూడూ ఉన్నవాళ్లకు ఇంతకంటే తగినది నాకు కనిపించలేదు. ఎల్‌సీడీ టీవీ మాత్రమే ఉంటే లెక్క మారుతుంది. ఈ డబ్బా పంపే 312 గీతల సిగ్నల్‌ను కొన్ని కొత్త టీవీలు ఇంటర్‌లేస్డ్‌గా (గీతలు ఒకటి విడిచి ఒకటి వచ్చే సిగ్నల్‌గా) పొరబడి బొమ్మను మసకగా, ఆలస్యంగా చూపిస్తాయి, కొన్ని అసలే చూపించవు. డక్ హంట్ తుపాకీ అయితే పనిచేయదు. ట్రిగ్గర్ నొక్కిన ఫ్రేములో తెర నల్లబడి, ఆ వెంటనే బాతు ఉన్నచోట తెల్ల పెట్టె వెలగాలి, తుపాకీ అదే క్షణంలో ఆ వెలుగును చూడాలి. ఎల్‌సీడీ ఆ పెట్టెను చూపించేసరికి ఆట తీర్పు చెప్పేసి ఉంటుంది.

అలాంటివాళ్లు మెసెన్ లాంటి ఎమ్యులేటర్‌లో రీజియన్‌ను డెండీకి మార్చి ఆడితే వేగం అచ్చంగా ఇదే వస్తుంది, తెర రిఫ్రెష్ రేటును కూడా 50 లేదా 100కు పెట్టుకుంటే కుదుపు ఉండదు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్మే, ఆటలన్నీ లోపలే ఉండే చిన్న డబ్బాల్లో కొన్ని 60 హెర్ట్జ్‌వి. డబ్బా మీద ఆ సంగతి రాయరు. కాబట్టి వెనక్కి పంపే గడువు ముగిసేలోపు మారియో మొదటి లెవెల్లో 400 నుంచి 300కి స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. 48 రావాలి.