పచ్చగీత కనబడితే బేరం ఆగిపోతుంది: బాస్కెట్‌బాల్ మేనేజర్ ఆట, నాలుగేళ్ల తర్వాత

కంప్యూటర్‌లో బాస్కెట్‌బాల్ టీంని మేనేజర్‌గా నడిపే ఈ ఆట గురించి రెండేళ్ల కిందట ఒకసారి రాశాను. అప్పట్లో దాని ట్రేడ్ మీటర్‌ని, అంటే రెండు టీంలు ఆటగాళ్లను మార్చుకునేటప్పుడు బేరం సమానమో కాదో చూపించే గీతని, ఆకాశానికెత్తేశాను. మా లీగ్‌లో గొడవలన్నీ తీర్చేసిందని, ఇంతకంటే మంచి ఫీచర్ ఏ మేనేజర్ ఆటలోనూ చూడలేదని రాశాను. అందులో సగం మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి. ఆట మీద కోపం లేదు. నాలుగేళ్లుగా ఆడుతున్నాం, ఇకముందూ ఆడతాం. నా బాధంతా ఆ మీటర్ మీదే, అదీ ఒక్క ట్రేడ్ వల్ల వచ్చిన బాధ.

బ్రౌజర్‌లో నడుస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు లాంటివన్నీ అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నాను. మా లీగ్‌లో ఆరుగురం. అందరం శ్రీకాకుళంలో ఒకే గ్రౌండులో బాల్ పట్టుకున్నవాళ్లం. మా బావ ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మాకు సీనియర్ ఒకాయన టెక్కలి వైపు హైస్కూల్లో లెక్కలు చెబుతారు, ఆయన్ని మాస్టారు అనే పిలుస్తాం. ఒకడు విశాఖలో ఉంటాడు, ఇద్దరు ఊళ్లోనే. నేను పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో అకౌంట్లు చూస్తాను. ఒక్కొక్కరికి ఒక్కో టీం, మిగతా ఇరవై నాలుగు టీంలూ కంప్యూటర్‌వి. లీగ్ ఫైలు నా లాప్‌టాప్‌లో ఉంటుంది కాబట్టి కమిషనర్‌ని, అంటే లీగ్ పెద్దని, నేనే.

మీటర్ సంగతికొస్తాను. ట్రేడ్ పేజీలో అటూ ఇటూ ఆటగాళ్లను పెడితే మధ్యలో ఒక గీత వస్తుంది. ఒక్కో ఆటగాడి వయసు, రేటింగ్, జీతం చూసి ఆట ఒక విలువ కడుతుంది. డ్రాఫ్ట్ పిక్‌లకీ, అంటే ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వంతులకీ, ఒక విలువ ఉంటుంది. అటువైపు మొత్తం, ఇటువైపు మొత్తం పోల్చి, బాగా తేడా ఉంటే గీత ఎర్రగా, కొంచెం ఉంటే పసుపుగా, సమానంగా ఉంటే పచ్చగా చూపిస్తుంది. మొదటి ఏడాది ఇది లేకపోతే మా లీగ్ ఎప్పుడో మూతపడేది. ఊళ్లో ఉన్న ఇద్దరిలో చిన్నవాడికి ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) చూసే అలవాటే లేదు. మంచి సెంటర్ని రిటైరయ్యే వయసువాడికి ఇచ్చేయబోతుంటే గీత ఎర్రగా వెలిగి కాపాడింది. ఆ మేలు నేను మరిచిపోలేదు.

గొడవ 2025 ఫిబ్రవరిలో వచ్చింది. బావ టీంలో ఇరవై మూడేళ్ల గార్డు ఒకడు ఉండేవాడు. కంప్యూటర్ పుట్టించిన ఆటగాడే, కానీ మాకు ఇంట్లో పిల్లాడి లెక్క. డ్రాఫ్ట్‌లో పందొమ్మిదో పిక్‌లో వచ్చి, నాలుగు సీజన్లలో లీగ్‌కే పెద్ద స్టార్ అయ్యాడు. వాడికి బుల్లోడు అని పేరు పెట్టుకున్నాం. రేటింగ్ 78. మా లీగ్‌లో డెబ్భై దాటితేనే ఆల్‌స్టార్. ఆ బుల్లోడిని బావ మాస్టారికి ఇచ్చేశాడు. బదులుగా వచ్చింది 64, 63, 61 రేటింగ్ ఉన్న ముగ్గురు, రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు. మాస్టారు అంతకుముందు సీజన్ ఛాంపియన్. గీత పచ్చగా ఉంది.

అది ఎలాంటి వారమో చెప్పాలి. అక్కడ అమెరికాలో ఎన్‌బీఏ టీం డల్లాస్ వాళ్లు తమ స్టార్ లూకా డాంచిచ్‌ని లాస్ ఏంజెలెస్ టీం లేకర్స్‌కి ఇచ్చేశారన్న వార్త మనకి ఫిబ్రవరి 2, ఆదివారం పొద్దున తెలిసింది. ఇరవై అయిదేళ్లవాడిని ఇచ్చి ముప్పై ఒకటేళ్ల ఆంథొనీ డేవిస్‌ని, మ్యాక్స్ క్రిస్టీని, 2029 ఫస్ట్ రౌండ్ పిక్‌ని తీసుకున్నారు. ముందటేడు ఫైనల్స్ దాకా తీసుకెళ్లినవాడిని! మా గ్రూపులో ఎవరికీ ఆ రోజు భోజనం సహించలేదు. ఆ మర్నాడు సాయంత్రం బావ, మాస్టారు ఈ ట్రేడ్ పెట్టారు. ఆ రాత్రి తెల్లారితే రథసప్తమి. బావ హైదరాబాద్ నుంచి వచ్చి ఉన్నాడు. అందరం కలిసి అరసవల్లి క్యూలో నిలబడ్డాం.

ఆ క్యూ తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి, చలి, ముందూ వెనకా చంటిపిల్లలతో జనం, నడుం నొప్పెట్టే దాకా నిలబడటమే. అక్కడ మొదలైంది వాదన. నేను ఒకటే అన్నాను: "బావా, బుల్లోడిని ముక్కలకి అమ్మేశావు."

ఇది మా పలాస మాట. జీడిపప్పుని తూకానికి ఎన్ని పప్పులు తూగుతాయన్న లెక్కన నంబర్లు పెడతారు. పౌనుకి 180 తూగితే పెద్ద గుండు, 320 తూగితే చిన్నది. విరిగినవి బద్దలు, ముక్కలు. కిలో పెద్ద గుండు, కిలో ముక్కలు తక్కెట్లో సమానంగానే తూగుతాయి. రేటు మాత్రం ఎక్కడిదక్కడే. ముక్కలన్నీ కూడబెట్టి గుండు చెయ్యడం ఎవరివల్లా కాదు. బాస్కెట్‌బాల్‌లో ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. కోర్టులో ఉండేది అయిదుగురు, ఆట నలభై ఎనిమిది నిమిషాలు, అంటే ఒక టీం చేతిలో ఉన్నది మొత్తం 240 నిమిషాలు. ఒక స్టార్ అందులో ముప్పై ఆరు నిమిషాలు ఒక్కడే తీసుకుంటాడు. వాడిని ఇచ్చి ముగ్గుర్ని తెచ్చుకుంటే ఆ నిమిషాలే ముగ్గురూ పంచుకోవాలి, లేదా ఉన్నవాళ్లలో ఇద్దరు బెంచీ ఎక్కాలి. పైగా టీంలో పదిహేను మందికే చోటు. ఒకడు పోయి ముగ్గురొస్తే ఇద్దరిని వదిలేసుకోవాలి. ఇవేవీ మీటర్‌కి తెలియవు. కూడటం ఒక్కటే తెలుసు.

పిక్‌ల సంగతి కూడా ఎత్తాను. వెనకబడ్డ టీంలకే ముందు వంతు కాబట్టి ఛాంపియన్ టీం పిక్ రౌండు చివర్లోనే వస్తుంది కదా, మీటర్ దానికి మామూలు ఫస్ట్ రౌండ్ పిక్ విలువే ఎందుకు కడుతుంది? దానికి బావ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "2013లో బ్రూక్లిన్ కూడా అలాగే అనుకుంది బావా. బోస్టన్‌కి ఇచ్చిన పిక్‌లు చివర్లో వస్తాయనుకున్నారు. ఏటయింది? ఆ పిక్‌లతో బోస్టన్‌కి జేలెన్ బ్రౌన్, టేటమ్ లాంటి స్టార్లు వచ్చారు." నిజమే, అలాగే జరిగింది. కానీ ఆ పిక్‌లిచ్చి బ్రూక్లిన్ తెచ్చుకున్న గార్నెట్‌కి అప్పుడు ముప్పై ఏడేళ్లు, పియర్స్‌కి ముప్పై అయిదు. వాళ్లు పడిపోయారు కాబట్టి పిక్‌లు పైకొచ్చాయి. మాస్టారు తెచ్చుకున్నవాడికి ఇరవై మూడు. వాడు ఎప్పుడు పడిపోవాలి, ఆ పిక్ ఎప్పుడు పైకి రావాలి?

మాస్టారు నెమ్మదిగా అన్నారు: "గీత పచ్చగా ఉంది కదయ్యా. ఎరుపైతే నేనే పెట్టకపోదును." ఆయన మోసం చేసే మనిషి కాదు. అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది.

దర్శనమయ్యాక తెల్లవారుజామున ఇంటికొచ్చి, టీ పెట్టుకుని, లాప్‌టాప్ తెరిచాం. ఈ ఆటలో నాకు నిజంగా నచ్చినది అప్పుడే తెలిసింది. లీగ్ ఫైలు కాపీ తీసుకుని, ఒక కాపీలో ట్రేడ్ ఉంచి, ఇంకో కాపీలో తీసేసి, సీజన్ మిగతా భాగాన్ని చెరో ఇరవై సార్లు ఆడించాం. ఒక్కో సీజన్‌కి రెండు నిమిషాలు పట్టదు. మాస్టారే నోట్‌బుక్‌లో గీతలు గీసి లెక్క రాశారు. ట్రేడ్ ఉంటే ఆయన టీం ఇరవైలో పదమూడు సార్లు ఛాంపియన్. లేకపోతే ఎనిమిది సార్లు. నేను చెప్పిందే నిజమైందని గెంతబోయాను. ఆ తర్వాత బావ టీం లెక్క చూశాం. ట్రేడ్ ఉంటే ప్లేఆఫ్స్‌కి (కప్పు కోసం జరిగే చివరి దశకి) పదకొండు సార్లు వెళ్లింది. లేకపోతే ఆరు సార్లే. అప్పుడు బావ తన టీం పేజీ తెరిచి చూపించాడు. బుల్లోడి కాంట్రాక్టు ఆ సీజన్‌తో అయిపోతుంది. మళ్లీ సంతకం పెట్టనని స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలతో ఉంది. "వాడు ఉండనంటున్నాడు బావా. ఊరికే ఎల్లిపోతాడు. ఉన్నప్పుడే ఏదో ఒకటి తెచ్చుకోవద్దా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇద్దరూ లాభపడ్డారు. మరి నష్టం ఎవరికి? మిగతా నలుగురికి. అందులో రెండో స్థానంలో ఉన్న నా టీంకి అందరికంటే ఎక్కువ. క్యూలో అంతసేపు న్యాయం గురించి మాట్లాడిన నేను, నా నష్టాన్ని చూసుకునే మాట్లాడానేమోనని ఆ పూట అనిపించింది.

కమిషనర్‌గా నాకు ఒక్క బటన్‌తో ట్రేడ్ రద్దు చేసే అధికారం ఉంది. కారణం కూడా రాయక్కర్లేదు. నొక్కలేదు. 2011 డిసెంబర్‌లో క్రిస్ పాల్ అనే స్టార్‌ని లేకర్స్‌కి పోనివ్వకుండా అప్పటి ఎన్‌బీఏ కమిషనర్ డేవిడ్ స్టెర్న్ ఆపేశారు. అప్పుడు పాల్ ఆడే న్యూ ఆర్లీన్స్ టీం లీగ్ చేతిలోనే ఉంది. ఇన్నేళ్లయినా ఆ నిర్ణయం సరైనదేనా అని అడిగేవాళ్లు ఉన్నారంటే, తీర్పు చెప్పేవాడికి అందులో సొంత వాటా ఉండటమే కారణం. నాకూ వాటా ఉంది. అందుకే ఆటలో ఉన్న ఓటింగ్ పెట్టాను. ట్రేడ్‌లో లేని నలుగురికి నలభై ఎనిమిది గంటలు గడువు. ముగ్గురు వద్దంటే రద్దు. నేనూ, విశాఖవాడూ వద్దన్నాం. ఊళ్లో ఇద్దరూ కానిమ్మన్నారు. ట్రేడ్ నిలబడింది.

అసలు బాధ మూడు నెలల తర్వాత మొదలైంది. మే నెలలో టెక్కలిలో మాస్టారి ఇంటికెళ్లాం. పెరట్లో కూర్చుని ముంజెలు తింటుంటే, మాటల్లో మాటగా ఆయన అన్నారు: "నా బెంచీ మీద పందొమ్మిదేళ్ల ఫార్వర్డు కుర్రాడు ఉన్నాడు చూడు, మీ బావ అడిగి ఉంటే వాడినీ ఇచ్చేద్దును. బుల్లోడి కోసం ఇంకో పిక్ కూడా ఇద్దును. అడగలేదు మరి." బావ చేతిలో ముంజె అలాగే ఉండిపోయింది. వేలితో గుచ్చి ఉంచాడు, నీళ్లు చేతిమీదుగా కారుతున్నాయి, నోట్లో పెట్టుకోలేదు. చివరికి "గీత పచ్చగా వచ్చేసింది కదా మాస్టారూ, ఇంకా అడిగితే బాగోదనుకున్నాను" అన్నాడు.

ఈ సమీక్ష రాయడానికి కారణం ఈ ఒక్క మాటే. కూరగాయల బజార్లో రెండు రూపాయల దగ్గర అరగంట నిలబడే మనిషి మా బావ. అలాంటివాడు లీగ్‌లో అందరికంటే మంచి ఆటగాడిని ఇస్తూ ఒక్కసారి కూడా 'ఇంకోటి కలపండి' అనలేదు. రంగు చూసి, ధర ఎవరో ముందే కట్టేశారనుకున్నాడు. అవతలివాడికి అవసరం ఎంత, ఎంత దాకా వస్తాడు అన్నది గీతలో ఉండదు. అడిగితేనే బయటపడుతుంది. నష్టపోయే ట్రేడ్‌ల నుంచి మీటర్ మమ్మల్ని కాపాడింది, ఒప్పుకుంటాను. మంచి ట్రేడ్‌లు ఇంకా మంచివి కాకుండా కూడా అదే ఆపింది. రెండేళ్ల కిందట 'గొడవలు తీర్చేసింది' అని మెచ్చుకున్నాను. ఆ గొడవల్లో సగం బేరాలే అని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ కుర్రాడు ఇప్పుడు మాస్టారి టీంలో రెండో స్టార్. ఆ ట్రేడ్ తర్వాత మూడు సీజన్లు ఆడితే ఆయనకి రెండు కప్పులు వచ్చాయి. బావకి వచ్చిన ముగ్గురిలో ఒకడు మాత్రం బాగా ఆడుతున్నాడు. రెండు పిక్‌లూ 29, 30లో వచ్చాయి. ఆ ఇద్దరూ టీంలో లేరు.

మీటర్‌ని దాచేసే ఏర్పాటు ఆటలోనే ఉంది. లీగ్ సెట్టింగ్స్‌లో బాగా కిందికి వెళ్తే, శాలరీ క్యాప్ (జీతాల పరిమితి) దాటాక ఒక టిక్ బాక్స్. అది నాకు కనబడటానికి నెలలు పట్టింది. దాన్ని ముందే కనబడేలా పెట్టి ఉంటే ఎంత బాగుండేది. వరుస సంవత్సరాల ఫస్ట్ రౌండ్ పిక్‌లు అమ్ముకోకూడదన్న ఎన్‌బీఏ నిబంధన కూడా అక్కడే ఉంది, అదీ పెట్టుకున్నాం.

ఒంటరిగా కంప్యూటర్‌తో ఆడేవాళ్లకి మీటర్ ఉంచుకోమనే చెబుతాను. కంప్యూటర్‌కి బేరం రాదు, మొహమాటమూ ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి కూడా మొదటి ఒకటి రెండు సీజన్లు అవసరమే. మా చిన్నవాడికి ఇప్పటికీ విడిగా ఓ కాపీలో చూసుకోమని చెప్పాను. నాలుగేళ్లుగా ఒకరినొకరు ఎరిగినవాళ్లు ఆరుగురు కూర్చుని ఆడే లీగ్‌కైతే నేను తీసేయమంటాను. మా వాళ్లందరికీ సాయంత్రం ఫోన్ మాట్లాడుకునే తీరిక ఉంది, అది లేనివాళ్ల సంగతి వేరు కావచ్చు. పొద్దస్తమానం పప్పు గ్రేడ్ల మధ్య బతికే నాకు రేటు గురించి పట్టింపు కాస్త ఎక్కువేమో కూడా. అయిదు చుక్కల్లో నాలుగిస్తున్నాను. పోయినసారి అయిదూ ఇచ్చాను.

గీత తీసేశాక మొదటి పెద్ద ట్రేడ్ నాకూ బావకే పడింది. నా సెంటర్ కావాలన్నాడు. పదకొండు రోజులు నడిచింది. రాత్రి పదింటికి ఫోన్ చేసి "సెకండ్ రౌండ్ పిక్ ఒకటి కలుపు బావా" అనేవాడు. నేను కలపననేవాణ్ని. మర్నాడు మళ్లీ చేసేవాడు. చివరికి కలిపాను.