జేడ్ మొదటి రన్: నల్ల తెర మేలా, ఎక్లిప్స్ మేలా?

సంక్రాంతికి అమలాపురం వెళ్తే, మా మేనల్లుడు ల్యాప్‌టాప్ పట్టుకుని గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "మావయ్యా, జేడ్ లేవట్లేదు, సోమవారం రివ్యూ."

వాడిది ఫైనలియర్ ప్రాజెక్టు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, కాలువకి వంతులు పెడతారు కదా, ఒక్కో తూమునీ ఒక్కో ఏజెంటు, అంటే తనంతట తాను పనిచేసే చిన్న ప్రోగ్రాము, చేస్తాడట. నీళ్లు ఎవరికెప్పుడో అవే మాట్లాడుకుని తేల్చుకోవాలి. శివారు చేలున్న ఇంటి పిల్లాడికి రావలసిన ఆలోచనే. ఇలాంటి పనికి జేడ్ బాగానే సరిపోతుంది. ఇలాంటి ఏజెంట్లని రాసి నడపడానికి ఇటలీలో టెలికాం ఇటాలియా ల్యాబ్‌లో పుట్టిన జావా ఫ్రేమ్‌వర్క్ ఇది, 2000 నుంచి ఓపెన్ సోర్స్.

నిజానికి ఇందులో ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు. మెషిన్‌లో జేడీకే (జావా ప్రోగ్రాములు రాసి నడిపే సరంజామా) ఉండాలి, జేడ్ జిప్ విప్పుకోవాలి, అందులోని జార్ ఫైలు, అంటే జేడ్ కోడంతా కట్టిన మూట, ఎక్కడుందో జావాకి చెప్పాలి. తిప్పలన్నీ ఆ చెప్పడంలోనే. నల్ల తెర మీద కమాండ్ కొట్టి చెప్పొచ్చు, లేదా జావా కోడ్ రాసుకునే ఎక్లిప్స్ సాఫ్ట్‌వేర్‌లో బిల్డ్ పాత్‌కి జార్ కలిపి చెప్పొచ్చు.

వాడు నల్ల తెర మీద కొట్టాడు, 'మెయిన్ క్లాస్ దొరకలేదు' అని వచ్చింది. చూస్తే జేడ్‌ని లేపే బూట్ అన్న క్లాసు పేరులో మొదటి అక్షరం చిన్నది వేశాడు. అది క్యాపిటల్ ఉండాల్సిందే. దిద్దాక ఏజెంట్ల పట్టిక తెర లేచింది. తర్వాత వాడి క్లాసుల ఫోల్డర్ కూడా కలపబోతే మళ్లీ ఎర్ర అక్షరాలు. విండోస్‌లో దారుల మధ్య సెమీకోలన్ పెట్టాలి, లైనక్స్‌లో అయితే కోలన్. వాడు సెమీకోలనే పెట్టాడు, కానీ తెరిచింది పవర్‌షెల్, విండోస్‌లోనే ఉండే ఇంకో కమాండ్ తెర. దానికి సెమీకోలన్ అంటే ఒక కమాండ్ అయిపోయినట్టు! ఆ ముక్కంతా కొటేషన్లలో పెట్టగానే దారికొచ్చింది. వీడు రెండ్రోజులు పడ్డ టెన్షన్ ఇంతే.

ఎక్లిప్స్‌లో ఈ బాధలేవీ ఉండవు. జార్ కలిపి, రన్ కాన్ఫిగరేషన్‌లో మెయిన్ క్లాసుగా జేడ్ డాట్ బూట్ రాసి, ఆర్గ్యుమెంట్లలో ముందు హైఫన్ పెట్టి జీయూఐ అని ఇస్తే చాలు, ఏజెంట్ల పట్టిక లేస్తుంది. కోడ్ మార్చి మళ్లీ నడపడం ఒక్క నొక్కు. బ్రేక్‌పాయింట్ పెట్టి ఏజెంటుకి ఏ మెసేజ్ వచ్చిందో నిలబెట్టి చూడొచ్చు, నల్ల తెర మీద ఆ సుఖం లేదు.

కానీ ఎక్లిప్స్‌లో ఓ చాటు దెబ్బ ఉంది. పట్టిక కిటికీ మూసేస్తే అంతా ఆగిపోయిందనుకుంటాం. ఆగదు, ప్లాట్‌ఫాం లోపల నడుస్తూనే ఉంటుంది, దాన్ని ఆపడానికి ఫైల్ మెనూలో వేరే ఆప్షన్ ఉంది. అది చూసుకోకుండా మళ్లీ రన్ నొక్కితే, జేడ్ వాడుకునే 1099 పోర్టు పాతదాని చేతిలోనే ఉంటుంది కాబట్టి, ఖాళీ లేదని కొత్తది చతికిలబడుతుంది. పాత కన్సోల్ ఎక్కడో వెనకాల దాక్కుంటుంది, కొత్తవాళ్లకి కనిపించదు. నల్ల తెర అయితే ఎదురుగానే ఉంటుంది, కంట్రోల్ సీ కొడితే పోతుంది.

అందుకే నా ఓటు మొదటి రోజుకి నల్ల తెరకే. మెయిన్ కంటైనర్ (ఏజెంట్లు నడిచే ప్రధాన చోటు) సిద్ధమైందన్న లైను, పట్టికలో దాని కింద జేడ్ సొంత ఏజెంట్లు ఏఎంఎస్ (ఏజెంట్ల లెక్క చూసేది), డీఎఫ్ (ఎవరు ఏ సేవ చేస్తారో చెప్పేది), ఆర్ఎంఏ (ఆ పట్టిక కిటికీని నడిపేది) కళ్లారా చూశాక సొంత ఏజెంట్లు రాయడానికి ఎక్లిప్స్‌కి వెళ్లాలి. రివ్యూ రేపే అయితే మాత్రం నేరుగా ఎక్లిప్సే, తప్పదు.

ఆ రాత్రే మూడు తూములు లేపాడు. జేడ్‌లోని స్నిఫర్ అనే టూల్ తెరిస్తే ఏజెంట్ల మధ్య మెసేజ్‌లు బాణాల్లా కనిపిస్తాయి. ఎగువ తూము మొదటి ప్రశ్నకి జవాబిచ్చింది. శివారు తూము అడిగితే మాత్రం బాణం వెళ్లింది, తిరిగి ఏదీ రాలేదు. వెనక నుంచి చూస్తున్న మా బావ, "ఇందులో తప్పేం లేదురా, మన కాలువ ఇంతేగా" అన్నాడు. తప్పుంది. ఎగువ తూముకి మళ్లీ మళ్లీ నడిచే సైక్లిక్ బిహేవియర్ బదులు ఒక్కసారే నడిచే వన్‌షాట్ ఇచ్చాడు వీడు. ఒక్కసారి పలికి ఊరుకుంది.