కొండదారిలో 6 ఏళ్లు, 94 వేల కిలోమీటర్లు: నా ఫోర్ బై ఫోర్ గురించి

నా పని సెల్ టవర్ల మెయింటెనెన్స్. నేను చూసే టవర్లు చాలావరకు కొండల మీదే ఉంటాయి. టవర్ కట్టేటప్పుడు సామాను చేర్చడానికి ఒక దారి వేస్తారు. పని అయ్యాక దాన్ని పట్టించుకునేవాళ్లు ఉండరు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి, నీళ్లు కోసిన చోటల్లా గండ్లు పడతాయి. వారంలో రెండు మూడు రోజులు నా బండి నడిచేది అలాంటి దారుల్లోనే. కొని 6 ఏళ్లయింది, మీటరు 94 వేలు దాటింది.

కంపెనీ పేరు, మోడల్ పేరు రాయడం లేదు. రాస్తే మాటంతా పేరు చుట్టూ తిరుగుతుంది, నేను చెప్పాలనుకున్నదేమో బండి కింద ఉన్న సామాను గురించి. లాడర్ ఫ్రేమ్ (బాడీ కింద నిచ్చెనలా ఉండే ఉక్కు చట్రం), డీజిల్ ఇంజన్, మాన్యువల్ గేర్లు, లో రేంజ్ (వేగాన్ని ఇంకా తగ్గించి బలం పెంచే అదనపు గేరు) ఉన్న పార్ట్‌టైమ్ ఫోర్ బై ఫోర్, వెనక యాక్సిల్‌కి డిఫ్ లాక్. పార్ట్‌టైమ్ అంటే మనం వేసినప్పుడే నాలుగు చక్రాలకూ శక్తి వెళ్తుంది. డిఫ్ లాక్ సంగతి కింద చెబుతాను. ఈ వివరాలు చాలు.

దీనికి ముందు నా దగ్గర ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ ఒకటి ఉండేది. తడి రోడ్డు మీద, గులకరాళ్ల దారి మీద చక్కగా వెళ్లేది. ఎక్కుడులో పెద్ద రాళ్ల మీద పది నిమిషాలు కష్టపడితే మాత్రం డాష్‌బోర్డు మీద లైటు వెలిగేది. వెనక చక్రాలకు శక్తిని పంపే కప్లింగ్ వేడెక్కి తనంతట తాను విడిపోయేది. ఇక అక్కడినుంచి ముందు చక్రాలే లాగాలి. అది చల్లారేదాకా అరగంట రాయి మీద కూర్చునేవాణ్ణి. ఆ బండిని తప్పుపట్టను, దాన్ని చేసిందే వేరే పనికి. కానీ బ్రోచర్లలో దానికీ, ఇప్పుడు నేను నడిపే దానికీ దాదాపు ఒకే మాటలు ఉంటాయి. తేడా తెలియాలంటే ఒక్క ప్రశ్న అడిగితే సరిపోతుంది: ఇందులో లో రేంజ్ గేరు ఉందా?

లో రేంజ్ అనగానే చాలామంది బలం అంటారు. అదీ నిజమే. నాకు ఎక్కువ పనికొచ్చింది దాని నెమ్మది. ఒక లెక్క చూడండి. ఫస్ట్ గేర్ నిష్పత్తి 4.2, లో రేంజ్ 2.5, యాక్సిల్ 3.9 అనుకుందాం. మూడూ గుణిస్తే దాదాపు 41. అంటే ఇంజన్ 41 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. చుట్టుకొలత 2.3 మీటర్లున్న టైరుతో, 800 ఆర్‌పీఎం దగ్గర, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా బండి గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మనం మామూలుగా నడిచే వేగంలో సగం. లో రేంజ్ వేయకుండా, అంటే అదే ఫస్ట్ గేర్ హై రేంజ్‌లో అయితే 6.7 కిలోమీటర్లు. కాగితం మీద ఈ రెండంకెల మధ్య తేడా పెద్దగా కనిపించదు. మోకాలెత్తు రాయి ముందు నిలబడితే కనిపిస్తుంది.

లో రేంజ్‌లో ముందు చక్రం రాయిని మెల్లగా ఆనుకుంటుంది. టైరు కాస్త నొక్కుకుని రాయి అంచును పట్టుకుంటుంది. ఇంజన్ ఒక్క క్షణం బరువుగా మూలిగి మళ్లీ సర్దుకుంటుంది, బానెట్ నిదానంగా పైకి లేస్తుంది. అప్పుడు నా కాళ్లు రెండూ పెడళ్ల మీదినుంచి తీసేసే ఉంటాయి. చక్రం అవతలికి దిగేటప్పుడూ అంతే, ఇంజనే పట్టి దింపుతుంది. హై రేంజ్‌లో ఇదే పని చేయాలంటే సగం క్లచ్ మీద నిలిపి రేస్ చేయాలి. అలా చేస్తే బండి రాయెక్కి అవతలికి ధబ్బున పడుతుంది, క్లచ్ కాలిన వాసన వస్తుంది. దిగుడులో అయితే లో రేంజ్ ఫస్ట్ గేర్ ప్రాణం కాపాడే సంగతి. వదులు మట్టి మీద బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు జారతాయి. ఇంజన్ పట్టు మీద దిగితే చక్రాలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి స్టీరింగ్ మాట వింటుంది.

అందుకే హార్స్‌పవర్ చూసి ఆఫ్‌రోడ్ బండి ఎంచుకోవడం నాకు సరైన పద్ధతి అనిపించదు. 2018లో వచ్చిన నాలుగో తరం సుజుకీ జిమ్నీ చూడండి. 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజన్, 100 హార్స్‌పవర్‌కి అటూఇటుగా. కానీ తేలికైన ఒళ్లు, లాడర్ ఫ్రేమ్, ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్స్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు), లో రేంజ్. దానికి రెట్టింపు పవర్ ఉండి లో రేంజ్ లేని బండ్లు ఆగిపోయిన చోట అది పాకుతూ పోతుంది. మరో కొసన జీప్ రాంగ్లర్ రూబికాన్ ఉంది. దాని లో రేంజ్ ఒక్కటే 4:1. మాన్యువల్ గేర్‌బాక్స్‌తో ఫస్ట్ గేర్‌లో మొత్తం నిష్పత్తి 84 దాకా పోయింది. నేను పైన వేసిన లెక్కకు రెండింతలు.

ఇక డిఫ్ లాక్. కొన్నప్పుడు దీని విలువ నాకు సరిగా తెలియదు, ఉన్న వేరియంట్ దొరికింది కాబట్టి తీసుకున్నాను. ఇప్పుడు అది లేని బండి కొనను. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం తిరగాలి, డిఫరెన్షియల్ ఉండేది అందుకే. కానీ సాదా డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన తోపే ఇస్తుంది. ఒక చక్రం గాలిలో ఉంటే దాన్ని తిప్పడానికి తోపేమీ అక్కర్లేదు, కాబట్టి నేల మీద ఉన్న చక్రానికీ ఏమీ అందదు. గండిని ఏటవాలుగా దాటేటప్పుడు ముందు ఒక చక్రం, వెనక దానికి ఎదురు మూలన ఉన్న చక్రం ఒకేసారి తేలిపోతాయి. ఫోర్ బై ఫోర్ వేసి ఉన్నా బండి కదలదు. గాల్లో ఉన్న రెండు చక్రాలూ తిరుగుతుంటాయి, నేల మీద ఉన్న రెండూ చూస్తూ ఉంటాయి. అప్పుడు లాక్ నొక్కితే వెనక రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించినట్టు కలిసి తిరుగుతాయి. నా బండి అలాంటి చోట్ల జానెడు జరిగి, మళ్లీ జానెడు జరిగి, బయటికి వచ్చేసింది.

తిరిగే చక్రాన్ని బ్రేకుతో పట్టి శక్తిని రెండో చక్రానికి మళ్లించే ఎలక్ట్రానిక్ పద్ధతి ఇప్పుడు చాలా బండ్లలో వస్తోంది. అదీ పనిచేస్తుంది, తక్కువ చేసి మాట్లాడను. కాకపోతే మొదట చక్రం జారాలి, తర్వాతే అది మేలుకుంటుంది. ఆ జారే కాస్త సేపట్లో బంకమట్టిలో చక్రం గుంత తవ్వేసుకుంటుంది. బ్రేకులూ వేడెక్కుతాయి. మెర్సిడెస్ జీ-క్లాస్ పెట్రోల్, డీజిల్ మోడళ్లలో మధ్య, వెనక, ముందు మూడు లాకులూ ఇస్తున్నారంటే ఊరికే కాదు. నాలాంటి పనికి వెనకది ఒక్కటి చాలు.

టైర్ల గురించి చెప్పకపోతే ఇదంతా రాసీ వృథా. మొదటి ఏడాదిన్నర కంపెనీ వేసిచ్చిన హైవే టైర్ల మీదే నడిపాను. ఒకరోజు దిగివస్తూ దారి పక్కన పగిలిన బండరాయి అంచుకు వెనక టైరు రాసుకుంది. సైడ్ వాల్ మీద వేలెడు పొడవున కోత, గాలి ఒక్కసారిగా పోయింది. స్టెప్నీ వేసి బయలుదేరితే రెండు కిలోమీటర్లు పోకముందే ముందు టైరుకీ అదే గతి. సైడ్ వాల్ కోతకు పంక్చర్ వేయడం కుదరదు. బండి అక్కడే వదిలి చీకట్లో 9 కిలోమీటర్లు నడిచాను. ఆ వారమే మందపాటి సైడ్ వాల్ ఉన్న ఆల్ టెర్రెయిన్ టైర్లు వేయించాను. అప్పటినుంచి నాలుగున్నరేళ్లలో కోత పడింది ఒక్కసారే. తారు మీద రొద కొంచెం పెరిగింది, మైలేజీ కొంచెం తగ్గింది. నాకు అభ్యంతరం లేదు. బండి కొనేటప్పుడు మాత్రం స్టెప్నీ ఫుల్ సైజుదేనా, అదే రిమ్మేనా అని చూసుకోండి. సన్నటి తాత్కాలిక స్టెప్నీ ఇలాంటి దారుల్లో ఉన్నా లేనట్టే.

టైరు ఎంత మంచిదైనా గాలి తీయకపోతే సగమే పనిచేస్తుంది. నేను తారు మీద 32 పీఎస్ఐ ఉంచుతాను. కొండదారి మొదట్లో ఆగి 20కి తెస్తాను, మెత్తటి ఇసుక అయితే ఇంకా దిగుతాను. గాలి తగ్గిన టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, రాయి అంచు మీద పగలకుండా వంగుతుంది. కుదుపులు కూడా సగానికి తగ్గినట్టుంటాయి. తిరిగి తారెక్కే ముందు గాలి నింపి తీరాలి. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది. బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్, నమ్మకమైన గేజ్, ఈ రెండూ ఎప్పుడూ సీటు వెనకే ఉంటాయి. బండికి కొన్న అదనపు సామానులో ఇంతగా వాడింది ఇంకోటి లేదు.

నీళ్ల దగ్గర నాకు పడిన దెబ్బ వేరే రకం. నీళ్లు ఇంజన్‌లోకి పోతే పిస్టన్ నీటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుందని చదివి ఉన్నాను కాబట్టి ఆ విషయంలో జాగ్రత్తగానే ఉండేవాణ్ణి. వాగు వస్తే ముందు కర్రతో దిగి నడిచి చూసేవాణ్ణి. బ్రోచర్‌లో లోతు ఎంతని ఉందో గుర్తుపెట్టుకున్నాను. మహీంద్రా థార్‌కి 650 మిల్లీమీటర్లు, కొత్త ల్యాండ్ రోవర్ డిఫెండర్‌కి 900 అని ఇలా ప్రతి బండికీ ఒక అంకె ఇస్తారు. ఆ అంకె ఇంజన్ గాలి పీల్చే చోటును బట్టి ఉంటుంది అనుకున్నాను తప్ప యాక్సిల్ సంగతి ఆలోచించలేదు.

మూడో ఏడు వెనకనుంచి సన్నగా ఊళ పెట్టినట్టు శబ్దం మొదలైంది. షెడ్డులో మెకానిక్ వెనక యాక్సిల్ హౌసింగ్ డ్రెయిన్ బోల్టు విప్పి, “అన్నా, ఒక్కసారి ఇటు రండి” అని పిలిచాడు. రేకు డబ్బాలోకి కారుతున్నది ఆయిల్‌లా లేదు. పాలు కలిపినట్టు బూడిద తెలుపు రంగులో, నురగతో చిక్కగా ఉంది. వేలితో తాకితే జిడ్డు లేదు. “నీళ్లు తాగేసింది అన్నా, బేరింగ్ పోయింది” అన్నాడు. జరిగిందేమిటంటే, ఎక్కుడులో యాక్సిల్ బాగా వేడెక్కి ఉంటుంది. అదే వేడితో చల్లటి వాగులోకి దిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. గాలి ఆడటానికి యాక్సిల్ మీద చిన్న బ్రీదర్ ఉంటుంది. అది నీటి మట్టానికి కిందే ఉంటే గాలికి బదులు నీళ్లు లాగుతుంది, మూసుకుపోయి ఉంటే సీళ్ల పక్కనుంచి లాగుతుంది. నాదానికి బ్రీదర్ బురదతో గట్టిగా పూడిపోయి ఉంది. కొత్త బేరింగులు వేసి, బ్రీదర్‌కి రబ్బరు గొట్టం తగిలించి టెయిల్ ల్యాంప్ వెనకదాకా పైకి తెచ్చాం. ఆ తర్వాత ప్రతి వాగు సీజన్ అయ్యాక బోల్టు విప్పి ఆయిల్ రంగు చూస్తున్నాను, మళ్లీ తెల్లబడలేదు.

యాంగిళ్ల గురించి, అంటే బండి ముందు, మధ్య, వెనక భాగాలు నేలకు తగలకుండా ఎంత నిటారు గట్టు దాటగలదో, క్లుప్తంగా. గ్రౌండ్ క్లియరెన్స్ ఒక్కటే చూడకండి. మూడు డోర్ల జిమ్నీకి ముందు 37, మధ్య 28, వెనక 49 డిగ్రీలు. నిజంగా దారికోసం చేసిన బండి అంకెలు ఇలా ఉంటాయి. కొనేముందు బండి కింద పడుకుని చూడండి. అన్నిటికన్నా కిందికి వేలాడుతున్నది ఏమిటి, దానికి ప్లేటు ఉందా? నా బండిలో సైలెన్సర్ పైపు ఫ్రేమ్‌కి కిందుగా వస్తుంది, ఇప్పటికి రెండుసార్లు నొక్కుకుపోయింది. ఇది నిజంగా డిజైన్ లోపమే. పడుకున్నప్పుడే లాగుడు కొక్కేలు కూడా చూడండి. ఫ్రేమ్‌కి బోల్టులతో గట్టిగా బిగించిన రికవరీ పాయింట్లు ముందొకటి, వెనకొకటి ఉండాలి. ట్రెయిలర్ తగిలించే టో బాల్‌కి తాడు కట్టి దిగబడ్డ బండిని లాగకూడదు. అది విరిగితే తుపాకీ గుండులా ఎగిరి వస్తుంది, మనుషులు చనిపోతారు. బండి లాగుతున్నప్పుడు ఎవరైనా తాడు దగ్గర నిలబడితే నేను బండి దిగి, వాళ్లను పక్కకు పంపాకే మొదలుపెడతాను.

లాడర్ ఫ్రేమ్ లేకపోతే అది ఆఫ్‌రోడరే కాదనే మాటను మాత్రం ఇప్పుడు ఒప్పుకోను. 2019లో బయటికొచ్చిన డిఫెండర్‌కి అల్యూమినియం మోనోకాక్ బాడీ, అంటే విడిగా ఫ్రేమ్ లేకుండా బాడీయే చట్రం. అయినా లో రేంజ్ ఉంది, వెళ్లాల్సిన చోటికి వెళ్తుంది. నాకు ఫ్రేమ్ నచ్చడానికి కారణం వేరే. ఏది వంగినా పాత పద్ధతిలో విప్పి బిగించవచ్చు.

నచ్చనివి కూడా ఉన్నాయి. తారు మీద ఈ బండి ఎగురుతుంది, వెనక కూర్చున్నవాళ్లకు ప్రయాణం హాయిగా ఉండదు. పార్ట్‌టైమ్ సిస్టమ్‌లో మధ్య డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి ఫోర్ బై ఫోర్ వేసి పొడి తారు మీద మలుపు తిప్పితే గేర్లన్నీ బిగుసుకుని బండి మొరాయిస్తుంది. తారెక్కగానే టూ వీల్‌కి మార్చడం అలవాటు చేసుకోవాలి. పొగలోని మసిని పట్టే పార్టికులేట్ ఫిల్టర్ ఉన్న డీజిల్ ఇది. వారమంతా నెమ్మదిగా పాకితే ఫిల్టర్‌లో మసి కాలేంత వేడి రాదు, లైటు వెలుగుతుంది. అప్పుడు హైవే మీద ఇరవై నిమిషాలు ఆగకుండా నడిపి దాన్ని శుభ్రం చేసుకోవాలి. రేడియేటర్ రెక్కల్లో మట్టి పేరుకుని ఒకసారి టెంపరేచర్ పైకి పోయింది కూడా. ఇప్పుడు బురద దారి నుంచి వచ్చిన రోజు లోపలివైపు నుంచి నీళ్లు కొట్టించకుండా పడుకోను.

మాన్యువల్ మీద నా అభిప్రాయం మారింది. నిటారు ఎక్కుడులో రాళ్ల మధ్య ఆగి మళ్లీ కదిలించడం టెన్షన్, రెండు క్లచ్ సెట్లు ఇప్పటికే మార్చాను. తోటి ఉద్యోగి బండి టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, అంటే క్లచ్ పెడల్ బదులు ద్రవం ద్వారా శక్తిని పంపే గేర్‌బాక్స్. అదే దారిలో అది పట్టు వదలకుండా మెత్తగా ఎక్కడం ఎన్నోసార్లు చూశాను.

వచ్చే ఏడాది బండి మార్చే ఆలోచన ఉంది. ఆటోమేటిక్, లో రేంజ్, వెనక లాక్, ఫుల్ సైజు స్టెప్నీ. తెర ఎంత పెద్దదైనా నాకు పట్టింపు లేదు. టెస్ట్ డ్రైవ్ షోరూం చుట్టూ తిప్పి పంపితే ఒప్పుకోను. నేను చూసే మూడో టవర్ దారిలో ఉన్న ఏటవాలు గండి దాకా బండి ఇవ్వగలిగినవాళ్ల దగ్గరే కొంటాను.